ఎవరి మెమరీ ఎవరిది?

తెలుగు అక్షరాలతో బొమ్మలు తయారుచేసే ప్రోగ్రాము రాసినవాళ్లకి మొదట తల కొట్టేసినట్టయ్యేది "శ్రీ" దగ్గర. పండగ శుభాకాంక్షల కార్డు కానివ్వండి, కాలేజీ సర్టిఫికెట్ కానివ్వండి, వాట్సాప్‌లో తిప్పే పోస్టరు కానివ్వండి. ఎడిటర్లో చక్కగా కనిపించిన శ్రీ, పైథాన్ గీసిన బొమ్మలోకి వచ్చేసరికి శకి పొల్లు, పక్కన ర, దాని నెత్తిన గుడిదీర్ఘం, ఎవరికి వారే అన్నట్టు విడివిడిగా నిలబడి ఉంటాయి. ఫాంటు మార్చి చూస్తారు. మళ్లీ అదే. లోపం ఫాంటులో లేదు, పైథాన్‌లోనూ లేదు. బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీకి (లైబ్రరీ అంటే ఎవరో రాసిపెడితే మన ప్రోగ్రాములో వాడుకునే కోడ్), అక్షరాలు కూర్చడం తెలిసిన ఇంకో లైబ్రరీ అందలేదు, అంతే.

పిల్లోలో అక్షరాలు పేర్చే పద్ధతులు రెండున్నాయి. మామూలు పద్ధతి ఒక్కో అక్షరానికి ఫాంటులో ఉన్న బొమ్మ తీసి పక్కపక్కన పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకి అది చాలు. రెండోది రక్మ్ అనే లైబ్రరీ ద్వారా, అక్షరాలు కూర్చడమే పనిగా ఉన్న హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి పని అప్పగిస్తుంది. వత్తు కిందికి దిగడం, గుణింతం హల్లుతో కలిసిపోవడం, ఇవన్నీ దానికి తెలుసు. రక్మ్ వాడే వీలు 2017లో పిల్లో 4.2తో వచ్చింది. 8.2 నుంచి రక్మ్ పిల్లో ప్యాకేజీలోనే ఉంటోంది. కానీ దానికి ఫ్రిబిడి అనే మరో లైబ్రరీ కావాలి, అది మిషన్‌లో ఉందో లేదో ప్రోగ్రాము నడిచేటప్పుడే వెతుక్కుంటుంది. విండోస్‌లో అయితే ఆ డీఎల్ఎల్ ఫైలుని మనమే తెచ్చి పెట్టుకోవాలి. దొరక్కపోతే పిల్లో కిక్కురుమనకుండా మామూలు పద్ధతికి దిగిపోతుంది. తమాషా ఏంటంటే, ఫ్రిబిడి చూసుకునేది అరబిక్, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకి రాసే లిపుల సంగతి. తెలుగుకి దాని అవసరమే లేదు. అయినా అది లేకపోతే మన శ్రీ విరిగిపోతుంది. రక్మ్ ఉందా లేదా అని పిల్లోనే అడిగే ఫంక్షన్ ఒకటుంది. అది అడగాలని తెలిసినవాళ్లకి అసలు ఈ సమస్యే రాదనుకోండి.

ఇదంతా చూసి విసిగిపోయిన ప్రోగ్రామరు సాధారణంగా ఒక నిర్ణయానికి వస్తాడు: "మధ్యవర్తులు ఎందుకు, హార్ఫ్‌బజ్‌ని నేనే నేరుగా పైథాన్ నుంచి పిలుచుకుంటాను." తప్పేం కాదు. పిలవడం చాలా తేలిక కూడా. నా గొడవంతా ఆ తేలిక గురించే. హార్ఫ్‌బజ్ లాంటి సి లైబ్రరీని, అంటే సి భాషలోంచి పిలిచేలా తయారైనదాన్ని, పిలిచే పనిలో కష్టమైన భాగం పిలవడం కాదు. అవతలి లైబ్రరీ మన నుంచి ఏం ఆశిస్తోందో తెలుసుకుని, అదంతా ఒక్కచోట రాసిపెట్టి, మిగతా ప్రోగ్రాముకి ఆ బెడద లేకుండా చూడటం కష్టం. టైపులు, కొలతల లాంటివి మనం చేత్తో రాయనే కూడదు, కంపైలర్ (కోడ్‌ని మెషిన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాము) చూసుకోవాలి. ఏ మెమరీ ఎవరిది, ఎప్పటిదాకా ఉంటుంది అన్న ప్రశ్నకి మాత్రం ఏ కంపైలరూ మన తరఫున జవాబు చెప్పదు. అది మనిషే డాక్యుమెంటేషన్ చదివి రాయాలి. మొదటి పని చేత్తో చేసి, రెండోది అసలు చేయకుండా వదిలేసిన కోడే బయట ఎక్కువ కనిపిస్తుంది.

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. పైథాన్ నుంచి సి కోడ్‌ని ఎందుకు పిలుస్తారని అడిగితే ఎవరైనా ఠక్కున "స్పీడు కోసం" అంటారు. కొన్ని చోట్ల నిజమే. కానీ హార్ఫ్‌బజ్ దగ్గరికి మనం వెళ్లేది స్పీడు కోసం కాదు, అందులో ఉన్న జ్ఞానం కోసం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. తెలుగులో మొదటి హల్లు పైన నిలబడి తర్వాతివి వత్తులవుతాయని, దేవనాగరిలో ముందున్నది సగమై చివరిది పూర్తిగా నిలుస్తుందని, ఫాంటులో ఏ నియమం తర్వాత ఏది నడపాలని, పాత ఫాంట్ల అపసవ్యాలతో ఎలా నెట్టుకురావాలని దానికి తెలుసు. అది పైథాన్‌లో మళ్లీ రాయొచ్చు, ఎవరూ ఆపరు. ఏళ్లు పడుతుంది, ఆ తర్వాత కూడా మలయాళంలో ఏదో ఒకటి తప్పుతుంది. పైథాన్ గణిత లైబ్రరీ నమ్‌పై, గణాంకాల భాష ఆర్ లాంటివి లీనియర్ ఆల్జీబ్రా కోసం ఇప్పటికీ ల్యాప్యాక్ గడపే తొక్కుతున్నాయంటే కారణం ఇదే. 1992లో వచ్చిన ఆ ఫోర్ట్రాన్ లైబ్రరీలో సంఖ్యల గణితం తెలిసినవాళ్ల అనుభవం పేరుకుని ఉంది. దాన్ని తిరగరాయడం కంటే పిలుచుకోవడమే తెలివైన పని.

కాబట్టి పిలవక తప్పదు. ఎలా పిలవాలన్నదే ప్రశ్న.

పైథాన్‌లో అందరి చెయ్యీ ముందు పోయేది, సి ఫంక్షన్లని పిలవడానికి ఉన్న సీటైప్స్ మీదకి. 2006లో పైథాన్ 2.5తో అది స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చింది. లైబ్రరీ ఫైలు పేరిస్తే చాలు, అందులోని ఫంక్షన్లన్నీ పైథాన్ ఫంక్షన్ల లాగే పిలవడానికి దొరుకుతాయి. కంపైలర్ అక్కర్లేదు, బిల్డ్ స్క్రిప్టు అక్కర్లేదు. పది నిమిషాల్లో హార్ఫ్‌బజ్ వెర్షన్ నంబరు స్క్రీన్ మీద కనిపిస్తుంది. ప్రాణం లేచొస్తుంది.

కానీ ఆ లైబ్రరీ ఫైల్లో నిజానికి ఏముంటుంది? ఫంక్షన్ల పేర్లు, అవి ఎక్కడ మొదలవుతాయన్న అడ్రసులు, మెషిన్ కోడ్. ఒక ఫంక్షన్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, అవి ఏ టైపు, తిరిగి ఏమిస్తుంది అన్న సమాచారం అందులో ఉండదు. అదంతా హెడర్ అనే వేరే ఫైల్లో ఉంటుంది. సీటైప్స్ ఆ హెడర్ ఫైలుని తెరిచి కూడా చూడదు. మనం చెప్పకపోతే ప్రతి ఫంక్షనూ ఒక ఇంట్ (పూర్ణాంకం) తిరిగిస్తుందనే అనుకుంటుంది.

ఇక్కడ కాస్త ఆగి దగ్గరగా చూడాలి. హార్ఫ్‌బజ్‌లో బఫర్ (పాఠాన్ని పెట్టే చోటు) తయారుచేసే ఫంక్షన్ ఒక పాయింటర్, అంటే మెమరీ అడ్రసు, ఇస్తుంది. 64 బిట్ల మిషన్లో పాయింటరుకి 8 బైట్లు, ఇంట్‌కి 4 బైట్లు. రిటర్న్ టైపు చెప్పకుండా పిలిస్తే సీటైప్స్ ఆ 8 బైట్లలో కింది 4 బైట్లు మాత్రం తీసుకుని, మిగతా సగాన్ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. ఆ సగం అడ్రసుని మళ్లీ ఇంకో ఫంక్షన్‌కి ఇస్తే, అది ఎక్కడో సంబంధం లేని చోటికి వెళ్లి చదవబోతుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్. పైథాన్ ట్రేస్‌బ్యాక్ కూడా ఉండదు, ప్రాసెస్ చచ్చిపోతుంది.

వెంటనే చచ్చిపోతే అదృష్టమే. చిక్కంతా చావకపోతేనే. లినక్స్‌లో పైథాన్ బైనరీని పాత పద్ధతిలో, అంటే మెమరీలో ఎప్పుడూ ఒకే చోట కూర్చునేలా కంపైల్ చేసి ఉంటే, దాని హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) కూడా కింది అడ్రసుల్లోనే మొదలవుతుంది. చిన్న చిన్న ఆబ్జెక్టుల అడ్రసులు 4 బైట్లలో పట్టేస్తాయి. పై సగం ఎలాగూ సున్నాలే కాబట్టి పారేసినా నష్టం లేదు, ప్రోగ్రాము పువ్వులా నడుస్తుంది. అదే కోడ్‌ని, మెమరీలో ఎక్కడైనా కూర్చోగలిగేలా కంపైల్ చేసిన పైథాన్ ఉన్న సర్వర్ మీద పెట్టండి. హీప్ ఎక్కడో పైన ఉంటుంది, మొదటి పిలుపుకే కుప్పకూలుతుంది. "నా మిషన్‌లో నడుస్తోందే" అన్న పాత డైలాగు ఇక్కడ అక్షరాలా నిజం. అతని మిషన్‌లో నిజంగానే నడుస్తోంది.

ఇది సీటైప్స్‌లో బగ్ కాదు. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది. నా అభ్యంతరం వేరే. సి కంపైలర్ ఒక్క చూపులో పట్టేసే తప్పుని, మనం కంపైలర్‌ని పక్కకి నెట్టి, మనిషి జ్ఞాపకశక్తికి వదిలేశాం. ఫంక్షన్‌కి ఒక డిక్లరేషన్ చొప్పున హెడర్ ఫైలుని చేత్తో ఎత్తిరాయడం గుమాస్తా పని. అందులో ఒక్క టైపు తప్పినా అడిగేవాడు లేడు. సి భాషలోని లాంగ్ టైపు 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే. నమ్‌పై లాంటి పెద్ద ప్రాజెక్టు కూడా ఈ తేడా వల్ల విండోస్‌లో డిఫాల్ట్ పూర్ణాంకాన్ని 32 బిట్లకే ఉంచి, 2024లో 2.0 వచ్చాక గానీ మార్చలేకపోయింది. యాపిల్ కొత్త ప్రాసెసర్లు వచ్చాక ఇంకో తిరకాసు: ప్రింట్‌ఎఫ్ లాగా ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునే ఫంక్షన్లకి, ఆ అదనపు ఆర్గ్యుమెంట్లు అక్కడ ప్రాసెసర్ రిజిస్టర్లలో కాక స్టాక్ అనే మెమరీ భాగం మీద వెళ్తాయి. ఇంటెల్ మ్యాక్‌లో ఏళ్ల తరబడి నడిచిన సీటైప్స్ కోడ్, టైపులు సరిగ్గా ప్రకటించకపోతే అక్కడ చెత్త విలువలు అందిస్తుంది. ఇవన్నీ తెలుసుకోవడం కంపైలర్ ఉద్యోగం. మనం కంఠస్థం చేయాల్సిన శ్లోకాలు కావు.

సరే, టైపులన్నీ జాగ్రత్తగా రాశారనుకుందాం. అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది.

హార్ఫ్‌బజ్‌కి ఫాంటు ఇవ్వాలంటే ముందు ఫాంటు ఫైలులోని బైట్లతో బ్లాబ్ అనే ఒక ఆబ్జెక్టు తయారుచేయాలి. ఆ ఫంక్షన్‌కి బైట్ల అడ్రసు, పొడవు, వాటితో పాటు మెమరీ మోడ్ అనే ఒక చిన్న సంఖ్య ఇవ్వాలి. 0 ఇస్తే హార్ఫ్‌బజ్ బైట్లకి సొంత కాపీ తీసుకుంటుంది. 1 ఇస్తే కాపీ తీసుకోదు. "ఈ బైట్లు మీవే, నేను చదువుకుంటానంతే, నా పని అయ్యేదాకా ఉంచండి" అని అర్థం. పైథాన్‌లో ఒక ఫంక్షన్ రాసి, అందులో ఫాంటు ఫైలు చదివి, 1 ఇచ్చి బ్లాబ్ చేసి, దాంతో ఫాంటు తయారుచేసి తిరిగిచ్చారనుకోండి. ఆ ఫంక్షన్ నుంచి బయటికి రాగానే ఫైలు బైట్లు పట్టుకున్న పైథాన్ వేరియబుల్ పోతుంది. దాన్ని చూసేవాళ్లు ఇంకెవరూ లేరని పైథాన్ ఆ మెమరీని ఖాళీ చేస్తుంది. హార్ఫ్‌బజ్ చూస్తోందని దానికెలా తెలుస్తుంది? హార్ఫ్‌బజ్ చేతిలో పాత అడ్రసు అలాగే ఉంటుంది.

ఇక ఏమవుతుందన్నది ఆ మెమరీలోకి తర్వాత ఎవరొచ్చి చేరారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎవరూ రాకపోతే పాత బైట్లే ఉంటాయి, పాఠమంతా అందంగా వస్తుంది. ఇంకేదైనా వచ్చి కూర్చుంటే, అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు రావచ్చు, వత్తులు మాయం కావచ్చు, ప్రాసెస్ కూలిపోవచ్చు. పెద్ద ఫాంటు ఫైలైతే ఆ మెమరీ నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కే తిరిగి వెళ్లిపోతుంది కాబట్టి వెంటనే క్రాష్. చిన్నదైతే మధ్యాహ్నం దాకా నడిచి లోడ్ పెరిగాక పోతుంది. దీనికి విరుగుడు ఒక్క అంకె. 1 బదులు 0 ఇవ్వడం. లేదా బైట్లని ఫాంటు ఆబ్జెక్టుతో పాటే పట్టి ఉంచడం. కానీ ఆ ఒక్క అంకె ఎందుకు మార్చాలో టైపుల్లో ఎక్కడా రాసి ఉండదు. రెండూ ఒకే టైపు, రెండూ కంపైలరుకి సమ్మతమే. ఏది వాడితే ఏ బాధ్యత నెత్తిన పడుతుందో డాక్యుమెంటేషన్‌లో మనుషుల భాషలో రాసి ఉంటుంది.

పక్కింటి నుంచి తెచ్చుకున్న గిన్నెని మనదనుకుని సామాన్లవాడికి వేసేయడం, మన గిన్నెని వాళ్లదనుకుని వాళ్ల గుమ్మంలో పెట్టి రావడం, ఈ రెండు రకాల తప్పులే ఇక్కడ పదేపదే జరుగుతాయి. అక్షరాలు కూర్చిన తర్వాత గ్లిఫ్‌ల (ఫాంటులోని అక్షర రూపాల) పట్టిక అడిగితే హార్ఫ్‌బజ్ ఒక పాయింటర్ ఇస్తుంది. ఆ పట్టిక బఫర్‌ది, మనది కాదు. మనం దాన్ని ఫ్రీ, అంటే ఖాళీ, చేయకూడదు. బఫర్‌ని మార్చినా, నాశనం చేసినా ఆ పాయింటర్ చెల్లదు. కాబట్టి కావాల్సిన అంకెలు ముందే పైథాన్ లిస్టులోకి కాపీ చేసుకోవాలి. దీనికి ఎదురు వరస కూడా ఉంటుంది. కొన్ని సి లైబ్రరీలు స్ట్రింగ్ తయారుచేసి ఇచ్చి, "వాడుకున్నాక మీరే ఫ్రీ చేయండి" అంటాయి. అలాంటి ఫంక్షన్‌కి సీటైప్స్‌లో రిటర్న్ టైపుగా సి స్ట్రింగ్ అని రాస్తే, అది ఎంతో సాయం చేస్తున్నట్టు బైట్లని పైథాన్ ఆబ్జెక్టుగా మార్చి ఇచ్చేసి అసలు పాయింటర్‌ని వదిలేస్తుంది. ఫ్రీ చేద్దామన్నా అడ్రసు లేదు. పిలిచిన ప్రతిసారీ కాస్త మెమరీ కారిపోతూ ఉంటుంది. డిక్లరేషన్ చూస్తే ఏ తప్పూ కనపడదు.

మెమరీ కాకపోయినా టైపుల్లో పట్టని మాట ఇంకొకటుంది, తెలుగువాళ్లకి ఇది ప్రత్యేకం. ఏ గ్లిఫ్ మూల పాఠంలో ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి హార్ఫ్‌బజ్ ప్రతి గ్లిఫ్‌కీ క్లస్టర్ అనే సంఖ్య ఇస్తుంది. పాఠాన్ని యూటీఎఫ్-8 అనే బైట్ల రూపంలో ఇస్తే ఆ సంఖ్య బైట్ల లెక్క. పైథాన్ స్ట్రింగులో స్థానాలు మాత్రం కోడ్‌పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఉన్న సంఖ్యల) లెక్క. "శ్రీను" తీసుకోండి. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, కొమ్ము, మొత్తం 6 కోడ్‌పాయింట్లు. తెలుగులో ఒక్కోటీ 3 బైట్లు. శ్రీ అంతా ఒకే క్లస్టర్, దాని సంఖ్య 0. ను క్లస్టర్ సంఖ్య 12. పైథాన్ లెక్కలో అది 4. ఆ 12ని పట్టుకుని పైథాన్ స్ట్రింగుని అక్కడి నుంచి కోస్తే ఎర్రర్ కూడా రాదు, ఖాళీ స్ట్రింగు వస్తుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒక బైటే కాబట్టి రెండు లెక్కలూ ఒకటే. టెస్టులన్నీ "హలో వరల్డ్"తో రాసుకున్న టీముకి ఈ తప్పు జన్మలో కనపడదు. రెండు వైపులా టైపు ఒకటే, పూర్ణాంకం. వాటి అర్థాలే వేరు. సరిహద్దు దాటే కోడ్‌కి టెస్టులు తెలుగులోనే రాయమని నేను పోట్లాడేది భాషాభిమానంతో కాదు.

"ఇన్నేళ్లుగా నడుస్తోంది కదా, ఏం కాదులే" అనేవాళ్లకి నేను చెప్పే కథ ల్యాప్యాక్‌ది.

ఫోర్ట్రాన్‌లో ఒక ఫంక్షన్‌కి అక్షరాల ఆర్గ్యుమెంట్ ఇస్తే, దాని పొడవు కూడా కనపడకుండా వెంట వెళ్తుంది. చాలా కంపైలర్లలో ఆ పొడవు ఆర్గ్యుమెంట్ల వరస చివర్న చేరుతుంది. ల్యాప్యాక్‌లోని ఎన్నో ఫంక్షన్లకి మొదటి ఆర్గ్యుమెంట్ ఒక్క అక్షరం: మాత్రిక పై త్రిభుజం వాడాలా, కింది త్రిభుజం వాడాలా అని చెప్పేది. సి నుంచి పిలిచేవాళ్లు ఆ అక్షరాన్ని పంపి, పొడవుని ఎగ్గొట్టేవాళ్లు. ఒక్క అక్షరం పొడవు 1 అని ఎవరికి తెలియదు? అవతలి ఫంక్షన్ కూడా ఆ పొడవుని ఎప్పుడూ చూడదు. దశాబ్దాల పాటు అలాగే నడిచింది. ఆర్ భాష లోపల, ఎన్నో ప్యాకేజీల్లో, ల్యాప్యాక్‌కి సి నుంచి వెళ్లే దారుల్లో, అంతటా అదే అలవాటు.

2019లో జీఫోర్ట్రాన్ అనే ఫోర్ట్రాన్ కంపైలర్ కొత్త వెర్షన్లతో కంపైల్ చేసిన ల్యాప్యాక్‌తో ఆర్‌లో లెక్కలు తేడా కొట్టడం, క్రాష్‌లు రావడం మొదలైంది. కారణం విన్నప్పుడు నాకు ఒకింత ముచ్చటేసింది కూడా. డీపీఓఎస్‌వీ అనే ఫంక్షన్ తన చివరి పనిగా డీపీఓటీఆర్ఎస్‌ని పిలుస్తుంది. రెండింటికీ అవే 8 ఆర్గ్యుమెంట్లు, అదే వరస. చివరి పనే కదా అని కంపైలర్ కొత్త పిలుపు చేయకుండా, తన ఆర్గ్యుమెంట్లు ఉన్న స్టాక్ జాగానే రెండో ఫంక్షన్‌కి అప్పజెప్పి నేరుగా అందులోకి దూకేసింది. అలా దూకే ముందు, అక్షరం పొడవు ఉండాల్సిన చోట 1 రాసింది. ఆ జాగా తనని పిలిచినవాళ్లు ఇచ్చిందే అని దాని నమ్మకం. నిబంధన ప్రకారం ఇచ్చే ఉండాలి. సి వైపు వాళ్లు ఇవ్వలేదు. అక్కడున్నది పిలిచినవాళ్ల సొంత డేటా. దాని మీద 1 పడింది.

ఇందులో ఎవరిది తప్పంటే ఫోర్ట్రాన్ కంపైలర్‌ది కాదు. ఒప్పందం ముందు నుంచీ ఉన్నదే. ఒక పక్షం దాన్ని పాటించకపోయినా రెండో పక్షం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు, అంతే. చివరికి జీఫోర్ట్రాన్ వాళ్లు పాత కోడ్‌ని కాపాడటానికి, ఇలాంటి చోట్ల ఆ దూకుడు ఆపే ఆప్షన్ ఒకటి పెట్టారు. ఆర్ వాళ్లు పొడవుని కూడా పంపేలా మ్యాక్రోలు తెచ్చి, ప్యాకేజీల రచయితలని మార్చుకోమన్నారు. ఇరు పక్షాలూ పెద్దరికంగానే వ్యవహరించాయి. కానీ గమనించండి: టెస్టులు ఉన్నాయి, వేలమంది వాడారు, నిపుణులే రాశారు. అయినా ఆ లోపం బయటపడటానికి అవతలి కంపైలర్ కాస్త తెలివిమీరాల్సి వచ్చింది. నడుస్తోందంటే ఒప్పందం పాటిస్తున్నామని కాదు.

మరి ఏం చేయాలి? నా మాట సూటిగా చెబుతాను. టైపులు, కొలతలు, పిలిచే పద్ధతి, వీటిని హెడర్ ఫైలు చదవగల యంత్రానికి వదిలేయండి. పైథాన్‌లో సి కోడ్‌ని పిలిచే ఇంకో పనిముట్టు సీఎఫ్ఎఫ్ఐకి రెండు పద్ధతులున్నాయి. ఒకటి సీటైప్స్ లాగే నేరుగా లైబ్రరీ ఫైలుని తెరిచేది. రెండోది చిన్న సి ఫైలు పుట్టించి, అసలు హెడర్‌తో కలిపి కంపైల్ చేసేది. రెండోదే వాడండి. అందులో స్ట్రక్చర్ కొలతలు కంపైలరే నింపుతుంది, డిక్లరేషన్ హెడర్‌తో పొసగకపోతే బిల్డ్ దగ్గరే ఆగుతుంది. పైథాన్ లాంటి కోడ్‌ని సిలోకి మార్చే సైథాన్ కూడా ఇదే దారి. హార్ఫ్‌బజ్‌కి ఇప్పటికే సైథాన్‌లో రాసిన యూహార్ఫ్‌బజ్ ఉంది. చాలామందికి అదే సరిపోతుంది, మళ్లీ చక్రం కనిపెట్టక్కర్లేదు.

దాని మీద మనిషి రాసే రెండో పొర ఉండాలి. పల్చగా, ఒకే ఫైల్లో. పాయింటర్ అనేది ఆ ఫైలు దాటి బయటికి రాకూడదు. ఏ ఆబ్జెక్టు దేన్ని బతికించి ఉంచాలి, ఏది కాపీ తీసుకోవాలి, క్లస్టర్ సంఖ్యని ఏ లెక్కలోకి మార్చాలి, అన్నీ అక్కడే తేలిపోవాలి. రస్ట్ భాష వాళ్లకి ఈ విభజన ఆచారంగానే ఉంది: ముడి డిక్లరేషన్లకి ఒక ప్యాకేజీ, దాని మీద భద్రమైన పొరకి ఇంకోటి. 2024 ఎడిషన్ నుంచి బయటి ఫంక్షన్ల డిక్లరేషన్ల మీద కూడా "అన్‌సేఫ్" అని రాయాల్సిందే. కొందరికి అది చాదస్తంగా తోస్తుంది. నాకైతే న్యాయమనిపిస్తుంది, ఎందుకంటే ఆ డిక్లరేషన్ తప్పైతే కంపైలర్ ఏమీ చేయలేదు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది జావా చేసిన పని, అది వాళ్లు చాలా ఆలస్యంగా చేసినా సరే. 1997లో వచ్చిన జేఎన్ఐ అనే పాత పద్ధతితో సి ఫంక్షన్ పిలవాలంటే మనమే సి కోడ్ రాయాలి. అది రాసినవాళ్లెవరూ దాన్ని ప్రేమగా తలుచుకోరు. 2024 మార్చిలో జావా 22తో కొత్త పద్ధతి ఖాయమైంది. హెడర్ చదివి డిక్లరేషన్లు పుట్టించే పనిముట్టు వేరుగా ఉంది. అంతకన్నా ముఖ్యం, బయటి మెమరీకి ఎరీనా అని ఒక ఆవరణ పెట్టారు. ఆ మెమరీ ఎంత ఉందో, ఎప్పటిదాకా ఉంటుందో ఎరీనాకి తెలుసు. దాన్ని మూసేశాక ముట్టుకుంటే ప్రాసెస్ కూలదు, మామూలు ఎక్సెప్షన్ వస్తుంది. ఎవరి మెమరీ ఎవరిదన్న ప్రశ్నని డాక్యుమెంటేషన్ నుంచి తీసి భాషలోకి తెచ్చారు. సి వైపు ఏం చేస్తుందో అది కూడా చెప్పలేదు గానీ, మన వైపు సగం అయినా కాపలాలో ఉంటుంది.

ఎంత జాగ్రత్తపడినా ఒకటి మాత్రం మన చేతిలో లేదు. అవతలి కోడ్‌లో తప్పుంటే పోయేది మన ప్రాసెస్. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగింది గుర్తుందా? జ, పొల్లు, ఞ, కనపడని ఒక నాన్-జాయినర్ గుర్తు, దీర్ఘం, ఈ వరసలో ఉన్న తెలుగు అక్షరం ఒక్కటి మెసేజ్‌లో వస్తే యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్లో వస్తే హోమ్ స్క్రీన్ నడిపే ప్రోగ్రామే కూలేది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. యాప్ రాసినవాడు ఏ తప్పూ చేయలేదు. అక్షరం చూపించమని సిస్టమ్ లైబ్రరీని అడిగాడు, అంతే. ప్రపంచమంతా మన అక్షరాన్ని "బాంబు" అని పిలిచిన ఆ వారం నాకు ఒళ్లు మండింది, అది వేరే సంగతి. క్రాష్ కూడా అవసరం లేదు. జేపెగ్ ఫొటోలు చదివే లిబ్‌జెపెగ్ లైబ్రరీలో ఎర్రర్ వస్తే ఏం చేయాలో మనం చెప్పకపోతే, డిఫాల్ట్‌గా అది ప్రోగ్రాము నుంచే ఎగ్జిట్ అయిపోతుంది. కమాండ్ లైన్ పనిముట్టుకి అది సబబే. పైథాన్ వెబ్ సర్వర్ లోపల నుంచి పిలిచారనుకోండి, ఎవరో ఒకరు పాడైన ఫొటో అప్‌లోడ్ చేస్తే ఆ వర్కర్ ప్రాసెస్ మొత్తం పోతుంది. ట్రై, ఎక్సెప్ట్ ఎన్ని పెట్టినా అడ్డుకోలేవు.

సీటైప్స్‌ని అసలు ముట్టుకోవద్దంటున్నానా అంటే, లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏదో ఒక చిన్న ఫంక్షన్ పిలవడానికి, లైబ్రరీ ఎలా ప్రవర్తిస్తుందో తడిమి చూడటానికి అంతకన్నా మంచిది లేదు. కంపైలర్ లేని చోట నడవాల్సిన స్క్రిప్టుకీ అదే దిక్కు. కంపైల్ చేసిన పొర పెడితే ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, ప్రతి ప్రాసెసర్‌కీ వేర్వేరు ప్యాకేజీలు కట్టాలి కదా అంటారు. ఆ బాధ నిజమైనదే, కొట్టిపారేయను. కానీ అది బిల్డ్ రోజున పడే బాధ, మన కళ్ల ముందే ఉంటుంది. సీటైప్స్‌తో వచ్చేది ఎవరి సర్వర్లోనో ఎప్పుడో రాత్రి పడే బాధ.

ఆ పల్చటి పొర రాసి నిలబెట్టే మనిషి టీములో లేకపోతే మాత్రం నేను ఇచ్చే సలహా చాలామందికి చప్పగా ఉంటుంది: లైబ్రరీని మీ ప్రాసెస్‌లోకి తెచ్చుకోకండి. హార్ఫ్‌బజ్‌తో పాటే హెచ్‌బీ-షేప్ అనే కమాండ్ వస్తుంది. ఫాంటు, పాఠం ఇస్తే గ్లిఫ్‌ల వివరాలు ఇస్తుంది, అడిగితే ప్రోగ్రాములు తేలిగ్గా చదివే జేసన్ రూపంలో ఇస్తుంది. క్లస్టర్ సంఖ్యలు బైట్లలో కావాలని ప్రత్యేకంగా అడిగితే తప్ప అక్షర స్థానాల లెక్కలోనే ఇస్తుంది, పైథాన్‌కి సరిగ్గా అదే కావాలి. కూలిపోతే ఆ కమాండే కూలుతుంది, మీకు ఒక ఎర్రర్ కోడ్ మిగులుతుంది. ప్రతిసారీ కొత్త ప్రాసెస్ మొదలుపెట్టే ఖర్చుంది. టైప్ చేస్తుండగానే అక్షరాలు చూపించాల్సిన ఎడిటర్‌కి అది కుదరదు. రోజుకి కొన్ని వందల సర్టిఫికెట్లు ప్రింటు చేసే సర్వర్‌కి ఆ ఖర్చు లెక్కలోకే రాదు.